గీత మీద పడని కుట్టు

నాకు కోపం ఎక్కువ. సిద్దిపేటలో మెదక్ రోడ్డు మీదున్న నా దుకాణానికి వచ్చేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ఎవరైనా ట్రాక్టర్ సీటు తెచ్చి "అన్నా, సాయంత్రానికి అయితదా?" అని అడిగితే "నీ సీటు కోసమే పొద్దటిసంది ఎదురు చూస్తున్న" అంటాను. అయినా వస్తారు. మిరుదొడ్డి నుంచి వస్తారు, అక్కన్నపేట నుంచి కూడా వస్తారు. ఎందుకంటే నా కుట్టు ఊడదు. ఇరవై ఏళ్లుగా సీట్లు, ఆటో టాపులు, కార్ల లోపలి కప్పులు కుడుతున్నాను. కుట్టు ఊడిందని ఒక్కడూ తిరిగి రాలేదని పదిమందిలో గొప్పలు పోయేవాణ్ని.

ఇప్పుడా మాట అనడం లేదు. ఒక్కరు వచ్చారు. నాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పిన సారే వచ్చారు.

సారు రిటైరై చాలా కాలమైంది. ఆయనకు వాళ్ల నాయిన కొన్న పాల రంగు అంబాసిడర్ ఉంది. ఆదివారం పూట దాన్ని కడిగి తుడిచి, ఊరు చుట్టూ ఒక రౌండు తిప్పి మళ్లీ షెడ్డులో పెట్టేవాడు. ఆయన భార్యను మేమందరం అమ్మ అనేవాళ్లం. ఆమె మాత్రం ఆ బండిని "నా సవతి" అనేది. ఆ సవతికి లోపలి కప్పు గుడ్డ పాడైపోయింది. పాత రెక్సిన్ పెళుసై, జారి, బండి నడుస్తుంటే సారు బట్టతల మీద వచ్చి కూర్చునేది.

"రెక్సిన్ వద్దుర. ఎండకాలం వాసన కొడ్తది, మా ఇంటామెకు తలకాయ నొస్తది. మన ఊరి నూలు గుడ్డ ఎయ్యి," అన్నాడు సారు. హైదరాబాద్‌లో ఆయనకు పాత కార్ల పిచ్చి ఉన్న దోస్తులు పదిమంది దాకా ఉన్నారు. ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకుని, అప్పుడప్పుడు ఒక ఆదివారం బండ్లన్నీ ఒకచోట నిలబెట్టి ఒకరి బండి ఒకరు చూసుకుని మురిసిపోతారు. సారు కారుకు నూలు గుడ్డ కుదిరితే తమకూ అదే కావాలని వాళ్లు ముందే అన్నారట.

నూలు గుడ్డ అనగానే నాకు కాక గుర్తొచ్చాడు.

కాక మా బాపుకు తోడబుట్టినవాడు కాదు. మా ఇల్లు, ఆయన ఇల్లు ఒకే గోడకు అటూ ఇటూ. గోడకు ఇవతల మా బాపు గుంతమగ్గం, అవతల కాక గుంతమగ్గం. ఒకరి మగ్గం ఆగితే రెండోవాళ్లు "ఏమాయెరా" అని గోడ మీద తట్టి అడిగేవాళ్లు. బాపు పోయినంక నేను మగ్గం ఇప్పేసి కట్టె అమ్ముకుని భివండి పోయాను. అక్కడ కొన్నేళ్లు పవర్‌లూమ్‌ల మీద చేసి, చెవులు చెడగొట్టుకుని తిరిగొచ్చి, ఈ కుషన్ పని నేర్చుకున్నాను. కాక మాత్రం మగ్గం దిగలేదు. ఇంకెంత కాలం నేస్తాడన్నదే అనుమానమైపోయింది. ఆర్డర్లు లేవు. కొడుకు ఆటో నడుపుతాడు. ఆటో పెట్టుకోవడానికి జాగ లేదు. గుంత పూడ్చి, మగ్గమున్న ముందరి అర్రను సాపు చేసి ఆటో లోపల పెట్టుకుందామని కొడుకు రెండేళ్లుగా పోరుతున్నాడు. "ఈ వానాకాలం అయ్యేదాక చూస్త బాపూ. నీకు చేతినిండ పని దొరికిందా, నేను నోరెత్త. లేకుంటె పూడ్సుడే," అన్నాడట.

కాబట్టి ఈ పని సారుకు కారు కప్పు, నాకు ఒక గిరాకీ. కాకకు మాత్రం మగ్గం ఉంటుందా పోతుందా అన్న సంగతి. అది నాకు మొదటి రోజే తెలుసు. తెలియదని చెప్పుకునే వీలు కూడా లేదు.

కొలతలకు కాకను దుకాణానికి పిలిచాను. అప్పటికి పాత రెక్సిన్ ఇప్పేసి, అద్దాల రబ్బర్లు తీసి, కప్పును గుల్ల చేసి పెట్టాను. పాత కార్లలో కప్పు గుడ్డను అట్టకు అంటించరు. కప్పు కింద వంపు తిరిగిన ఇనుప కడ్డీలు ఇటు డోరు నుంచి అటు డోరుకు వరుసగా ఉంటాయి. గుడ్డకు వెనకవైపు సన్నటి పట్టీలు కుట్టి, ఆ పట్టీల్లోంచి కడ్డీలు దూర్చి వేలాడదీస్తారు. తర్వాత అంచులు గుంజి సొల్యూషన్‌తో అంటిస్తారు. ఒక కడ్డీ వంపు ఇంకో కడ్డీకి ఉండదు. వరుస తప్పితే కప్పు ఒంకర పోతుంది. అందుకే తీసేటప్పుడే ఒక్కోదాని మీద సుద్దముక్కతో నంబరు వేస్తాను.

కాక వెనక సీటు జాగలో గొంతుక్కూచుని తల పైకెత్తి చాలాసేపు చూశాడు. నేను టేపు ఇస్తే వద్దన్నాడు. జొన్నకట్టె పుల్ల ఒకటి తీసి, ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి ఆనించి, సరిగ్గా అంత పొడవుకు విరిచి జేబులో పెట్టుకున్నాడు.

"కడ్డీ ఉన్న కాడల్ల ఒక సన్న గీత నేస్తరా. కుట్టు గీత మీద పడ్తె కండ్లకు ఆనదు. కప్పంత ఒక్కటే గుడ్డ లెక్క కొడ్తది," అన్నాడు.

ఇరవై ఏళ్లు ఈ పని చేసినవాణ్ని, నాకు ఆ ఆలోచన ఎప్పుడూ రాలేదు. "మంచిగనే ఉంటది," అన్నాను, నేనేదో ఒప్పుకుంటున్నట్టు.

మూడు వారాల తర్వాత గుడ్డ తెచ్చాడు. గోధుమ రంగు గుడ్డ, దాని మీద అడ్డంగా ముదురు గోధుమ రంగు గీతలు. చేతిలోకి తీసుకుంటే కొత్త గుడ్డ బిర్రు, గంజి వాసన. చిన్నప్పుడు మా ఇంట్లో ఎప్పుడూ ఉండే వాసన అది.

కాక దగ్గర తువ్వాలలు కొనడానికి బయటి ఊళ్ల వాళ్లు వస్తే వాళ్లకు ఆయన పెద్ద పాఠం చెప్పేవాడు. ముందు నీళ్లల్ల నానబెట్టాలె, గంజి పోయేదాక పిసకాలె, నీడకు ఆరెయ్యాలె, అప్పుడు వాడాలె. చెప్పి ఊరుకోడు, "ఏం చెప్పిన, ఒక్కసారి చెప్పు" అని వాళ్ల చేత తిరిగి చెప్పించుకునేవాడు. మా బాపు దానికి పడీ పడీ నవ్వేవాడు. మాకు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. మగ్గం ఇండ్లలో అది చెప్పేది కాదు. మా అవ్వ కొత్త తువ్వాలను ఒక రాత్రి నానబెట్టి ఉతకందే ఎవరి భుజం మీదా వేయనిచ్చేది కాదు. మగ్గం మీద నూలు గంజి తాగి, గుంజి బిగించి ఉంటుంది. మొదటిసారి నీళ్లు తగలగానే గంజి పోతుంది, నూలు ముడుచుకుంటుంది, గుడ్డ పొట్టిదవుతుంది. కోసి కుట్టే గుడ్డ అయితే ముందే తడపాలి.

కాక గుడ్డ నా చేతుల్లో పెట్టి, చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు. "నీకు చెప్పేదేముంది, మగ్గపోని కొడుకువు."

ఆ మాటతో నాకు ఛాతీ ఉబ్బింది. నిజం.

ఆ తర్వాత నేను చేసింది మరుపు కాదు. మరిచిపోయి ఉంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు. కత్తెర చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు స్పష్టంగా గుర్తొచ్చింది, తడపాలని. ఆ రోజు గురువారం. ఆదివారం సారు బండిని హైదరాబాద్‌కు, దోస్తుల దగ్గరికి తీసుకుపోవాలి. మొగులు పట్టి ఉంది. తడిపితే ఆరడానికి రెండు రోజులు. ఆరినంక ఇస్త్రీ, కుట్టు, కడ్డీలు, సొల్యూషన్. సారు అప్పటికే పొద్దుకొకసారి, మాపుకొకసారి ఫోన్ చేస్తున్నాడు. నాకు నేనే ఒక మాట చెప్పుకున్నాను. ఇది ఒళ్లు తుడుచుకునే తువ్వాల కాదు, కారు లోపలి కప్పు, దీనికి నీళ్లెక్కడివి? రెక్సిన్ మీద బతికే చేతులకు అది సబబుగానే తోచింది. కోశాను.

గుడ్డ పరిచి కడ్డీల కొలత పెడితే గీతలు కలవలేదు. మొదటి గీత కడ్డీ మీద పడింది. రెండోది వేలెడు అవతల పడింది. మూడోది రెండు వేళ్లు. వెనక కడ్డీకి పోయేసరికి గీత ఎక్కడో, కడ్డీ ఎక్కడో. నాకు కోపం వచ్చింది. ఈ ముసలాయన టేపు వద్దని పుల్లతో కొలిచినప్పుడే అనుకున్నా అని గొణుక్కున్నాను. గీతల్ని పట్టించుకోకుండా నా కొలతల ప్రకారం పట్టీలు కుట్టాను. వెనక మిగిలిన గుడ్డను, రెండు గీతలున్న ముక్కను, కోసి మూలకు పడేశాను.

కడ్డీలు దూర్చి ఎక్కించినంక అక్కడక్కడా ముడతలు కనిపించాయి. నీళ్లు చిలకరించి ఇస్త్రీపెట్టెతో ఆవిరి పట్టించాను. గుడ్డ డప్పులాగా బిగిసింది. వేలితో కొడితే టక్కుమంది. అది ఎందుకు బిగిసిందో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే, ఆ క్షణానికైనా చేతులు ఆగేవి. నేను మాత్రం మురిసిపోయాను.

శనివారం సారు, అమ్మ వచ్చారు. అమ్మ లోపలికి తొంగి చూసి "సవతికి కొత్త చీర పెట్టిన్రు, నాకేది?" అంది. సారు వెనక సీట్లో పిల్లవాడిలా కూర్చుని ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాడు. పెట్టిన కాసేపటికే ఎవరెవరో మాకూ కావాలె, మాకూ కావాలె అని రాశారు. సారు అక్కడి నుంచే కాకకు ఫోన్ చేసి నూలు సిద్ధం చేసుకోమన్నాడు. ఫోన్‌లో కాక "మంచిది సార్, మంచిది సార్" అంటున్నది నాకు పక్క నుంచి వినబడింది.

ఫోన్ జేబులో పెట్టుకుంటూ సారు అడిగాడు. "గీతలు కుట్ల మీద లేవేందిర? పక్కకు వొయినయి."

"ముసలాయన లెక్క తప్పింది సార్. ఏం జేస్తం, కండ్లు ఆనుతలేవు," అన్నాను.

"పెద్దమనిషి. పోనియ్," అన్నాడు సారు.

ఆదివారం గజ్వేల్ దాటినంక వాన పట్టుకుంది. ముందు అద్దం రబ్బరు నేను తీసి మళ్లీ ఎక్కించిందే. ఒక మూల సరిగ్గా కూర్చోలేదు. అక్కడి నుంచి నీళ్లు కారి కప్పు గుడ్డకు పట్టాయి. నూలు గుడ్డ కదా, తడి ఒకచోట ఆగదు, ముందు నుంచి వెనకకు పాకిపోయింది. హైదరాబాద్ చేరేసరికి వాన వెలిసి ఎండ కాసింది. బండి ఎండలో నిలబడింది. దోస్తులందరూ చుట్టూ చేరి, సారు గొప్పగా డోరు తెరిచిన కాసేపటికి, ముందు అంచు సొల్యూషన్ విడిచి పటుక్కున ఊడొచ్చింది. ఆ గుంజుడుకు రెండు పట్టీలు కుట్లతో సహా చిరిగాయి. ఊడిన గుడ్డంతా లోపల కూర్చున్న అమ్మ తల మీద పడింది. అందరూ నవ్వారు. ఒకరిద్దరు ఫొటోలు కూడా తీశారట. తిరుగు ప్రయాణంలో సిద్దిపేట దాకా అమ్మ గొడుగు మొనతో ఆ గుడ్డను పైకెత్తి పట్టుకుని కూర్చుందని సారే చెప్పాడు, సోమవారం పొద్దున నా దుకాణం ముందు నిలబడి.

సారు కేకలు వేసే మనిషి కాదు. బోర్డు ముందు నిలబెట్టినట్టు నిలబెట్టి ఒకటే ప్రశ్న అడిగాడు. "గుడ్డ తప్పా, నీ పని తప్పా?"

నేను బండిలో తల పెట్టి చూశాను. చేయి వేయకముందే అర్థమైంది. గుడ్డ ముడుచుకుంది. దుకాణంలో అప్పుడు నలుగురు గిరాకీలు ఉన్నారు, మిరుదొడ్డి నుంచి ట్రాక్టర్ సీట్లు తెచ్చినవాళ్లు. నలుగురూ నా మొహం చూస్తున్నారు. ఇరవై ఏళ్లుగా నేను వాళ్లకు కొట్టిన గొప్పలన్నీ ఆ నాలుగు మొహాల్లో కనిపించాయి.

"గుడ్డనే సార్. నూలుల పస లేదు. ముసలాయన చేతుల్ల మునుపటి పని లేదు," అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. వెతుక్కోవలసిన అవసరం కూడా పడలేదు.

సారు అక్కడి నుంచే కాకకు ఫోన్ చేశాడు. అరగంటలో కొడుకు ఆటోలో కాక దిగాడు. ఇప్పుడు చెప్పేస్తాడు, నలుగురిలో నా పరువు తీస్తాడు అనుకున్నాను. మనసులో జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. నువ్వు తడపమని చెప్పలేదు కదా అందామని.

కాక బండిలోకి వంగి, వేలాడుతున్న అంచు పట్టుకుని వేళ్ల మధ్య రుద్దాడు. తడి తగలని వెనక మూల దగ్గర గుడ్డను ముక్కు దాకా తెచ్చుకుని వాసన చూశాడు. తర్వాత గీతలు చూశాడు, కుట్లు చూశాడు. ఒక్కసారి నా వైపు తిరిగాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చిన మనిషి ఎవరినో గుర్తుపట్టడానికి చూసినట్టు చూశాడు.

"ఏమంటవు పెద్దమనిషీ?" అన్నాడు సారు.

"నూలు మంచిది రాలే సార్. చూసుకోవాల్సిందే. నాదే పొరపాటు," అన్నాడు కాక.

నేను అక్కడే ఉన్నాను. నోట్లో నాలుక ఉంది. ఒక్క మాట అనలేదు.

సారు మా ఇద్దరి ముందే హైదరాబాద్‌కు ఫోన్ చేసి, ఈ గుడ్డ ఆగదు, ఎవరూ ఆర్డర్ పెట్టకండి అని చెప్పాడు. కాక రెండు చేతులు వెనక కట్టుకుని ఆ మాటలన్నీ చివరి దాకా విన్నాడు. విని సారుకు దండం పెట్టి, కొడుకు ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. ఆటో మలుపు తిరగకముందే గిరాకీలలో ఒకడు అన్నాడు, "ముసలోళ్లతోని పెట్టుకుంటె గింతేనే అన్నా." నేను తల ఊపాను. అన్నిటికంటే ఎక్కువ ఆ తల ఊపడమే నాకు ఇప్పటికీ అన్నం ముందు గుర్తొస్తుంది.

మర్నాడు కప్పు గుడ్డ ఇప్పాను. దుకాణం ఊడుస్తుంటే మూలకు పడేసిన ముక్క చేతికి దొరికింది, రెండు గీతలున్న ముక్క. ఏం బుద్ధి పుట్టిందో, బకెట్లో నీళ్లు పట్టి అందులో ముంచాను. గంజి తెల్లగా విడిచింది. పిసికి, పిండి, నీడకు ఆరేశాను. సాయంత్రానికి ఆరింది. టేపు పెట్టి గీతకూ గీతకూ మధ్య కొలిచాను. కడ్డీకీ కడ్డీకీ మధ్య కొలిచాను. నూలుపోగంత తేడా లేదు.

ఇంకా రెండుసార్లు కొలిచాను. అవే కొలతలు.

ముసలాయన లెక్క తప్పలేదు. తడిస్తే గుడ్డ ఎంత ముడుచుకుంటుందో లెక్కగట్టి, అంత ఎడం ఎక్కువ పెట్టి నేశాడు. నేను తడుపుతాననే నమ్మకంతో నేశాడు. నేను బాపు కొడుకును గనక. ఆ ఎడం నాకు కనబడితే తప్పు ఆయనది అనుకున్నాను. తల కొట్టేసినట్టయింది. దుకాణం షట్టరు సగం దించుకుని లోపల కూర్చున్నాను.

అప్పుడైనా లేచి పోయి ఉండవలసింది. పోలేదు. వారం గడిచింది, పక్షం గడిచింది, నెల దాటింది. కాక ఉండే వాడ మీదుగా కాకుండా చుట్టూ తిరిగి ఇంటికి పోవడం అలవాటు చేసుకున్నాను. గిరాకీల మీద కోపం ఇంకా పెరిగింది. సారు రెక్సిన్ వేయమన్నాడు. రంగు దొరకలేదని ఒకసారి, సరుకు రాలేదని ఒకసారి సాకులు చెప్పాను. ఆ కప్పుకు ఇంకో గుడ్డ వేయడానికి నాకు చేతులు రావడం లేదు. అంబాసిడర్ దుకాణం పక్కన గుల్లగా నిలబడి ఉంది. వచ్చేటప్పుడు, పోయేటప్పుడు దాన్ని చూడక తప్పదు.

చివరికి ఒక పొద్దున సారే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏమైందిర నీకు? బండి ఇస్తవా, ఇయ్యవా?"

నేను ఆ ముక్క తెచ్చి ఆయన ఒడిలో పెట్టాను. టేపు తెచ్చాను. తడపకుండా కోసింది చెప్పాను, గీతల సంగతి చెప్పాను, ఆ రోజు అబద్ధమాడింది చెప్పాను. సారు టేపుతో తానే కొలిచాడు. కొలిచి, ముక్కను మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఎనిమిదిల నువ్వు పక్కోని దాంట్ల జూసి రాస్తుంటివి. నాకు తెలుసు," అన్నాడు. "గని తప్పొస్తె వాని మీదికి తోయకపోతుంటివి."

నేను ఆయన చేతిలోని టేపు తీసుకుని చుట్టాను.

"దోస్తుల సంగతి అయిపోయింది. వాళ్లు మిషన్ గుడ్డ ఎయించుకున్నరు, నేనే వద్దంటి గదా. నా బండికి మాత్రం ఆయన చేతి గుడ్డనే కావాలె. పో. పోయి చెప్పు. నేను రేపు వస్త ఆయన దగ్గరికి, నాది గూడ తప్పే."

ఒక్క కారు గుడ్డతో మగ్గం నిలబడదని నాకు తెలుసు. అయినా ఏదో ఒక మంచి కబురు తీసుకుపోతున్నట్టు నా మోటార్‌సైకిల్ తీశాను. చాలా రోజుల తర్వాత ఆ వాడలోకి తిరిగాను. ఇంటి ముందుకు వచ్చేదాకా మగ్గం చప్పుడు వినబడలేదు. మధ్యాహ్నం కదా, తింటున్నాడేమో అనుకున్నాను.

ముందరి అర్ర తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల మగ్గం లేదు. దాని కట్టెలు గోడకు ఆనించి ఉన్నాయి. గుంత ఉన్నచోట కొత్త సిమెంటు, దాని మీద గోనె సంచులు పరిచి ఉన్నాయి. కాక లుంగీ ఎగగట్టి, బకెట్లోంచి చెంబుతో నీళ్లు తీసి ఆ సంచుల మీద చల్లుతున్నాడు.

నన్ను చూసి ఆగలేదు. "రా. అంచుల మీద కాలు పెట్టకు, ఇంక గట్టివడలే," అన్నాడు.

"కాక, ఎప్పుడు పూడ్సిన్రు?"

"మూడు దినాలాయె. వానలు ఆగినయి గదా."

నేను గడప దగ్గరే నిలబడి చెప్పాను. సారుకు అంతా చెప్పేశానని, తప్పు నాదేనని ఒప్పుకున్నానని, సారు మళ్లీ ఆయన చేతి గుడ్డే కావాలన్నాడని. చెబుతుంటే నా గొంతు నాకే చిన్నపిల్లవాడి గొంతులా వినిపించింది.

"నాకు ఆనాడే ఎరుక. గంజి వాసన పోలే," అన్నాడు.

"మరి ఎందుకు కాక నీ మీదేసుకున్నవ్?"

చెంబు బకెట్లో వేసి నడుము నిటారు చేశాడు. "నలుగురు నిలవడి ఉండిరి. నీది నడిచే దుకాణం, నాది పూడిపోయే గుంత. మీ బాపు ఉంటె నీ చెంప పగలగొడ్తుండె. నేను మీ బాపును గాదాయె."

లోపలికి పోయి ఒక మడత గుడ్డ తెచ్చాడు. అదే గోధుమ రంగు, అవే గీతలు. మగ్గం మీద మిగిలి ఉన్న పడుగు నూలుతో, ఇప్పేముందు ఆఖరున నేశాడట. సారు బండి ఖరాబైంది గనుక తన వంతుగా ఇద్దామని. నేను చేయి చాపి తీసుకున్నాను. మెత్తగా ఉంది. బిర్రు లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే గంజి వాసన లేదు, సబ్బు వాసన వచ్చింది.

"ఉతికిన," అన్నాడు కాక. "రెండు దినాలు నానబెట్టి, గంజంత పోయేదాక పిసికి, నీడకు ఆరేసిన. ఇంక గుంజుకపోదు. ఇప్పుడు గీతలు కడ్డీల మీదనే పడ్తయి. గీత మీదనే కుట్టు. ఇస్త్రీ గిట్ట పెట్టకు. ముందుగాల అద్దం రబ్బరు చూసుకో, నీళ్లు కారకుంట."

"సరే కాక."

"ఏం చెప్పిన?" అన్నాడు నా మొహంలోకి చూస్తూ. "ఒక్కసారి చెప్పు."

బయటి ఊళ్ల నుంచి తువ్వాలలు కొనడానికి వచ్చేవాళ్లు నిలబడినట్టే ఆ గడప దగ్గర నిలబడి, గుడ్డ రెండు చేతులతో పట్టుకుని, ఆయన చెప్పిందంతా మొదటి నుంచి చివరి దాకా తిరిగి చెప్పాను.